మూడు మిల్లీమీటర్ల విసనకర్ర పురుగు: తల ఏది, తోక ఏది, కుటుంబం ఏది?

నాచుపోగు
నార్త్ సీ ఒడ్డున రాళ్లకు దట్టంగా పట్టిన నాచులోంచి ఒక గుప్పెడు తెచ్చి గాజు పళ్లెంలో సముద్రపు నీళ్లు పోసి ఉంచాను. రెండు గంటల తర్వాత చూస్తే అడుగున సన్నని పురుగులు పాకుతున్నాయి. మూడు మిల్లీమీటర్లకు మించి లేవు, మొదట దారప్పోగులేమో అనుకున్నాను. లెన్సు కింద పెడితే ఒక చివర రెండు నల్లటి కళ్లు, అదే చివర ముందుకు పెట్టుకుని పాకుతోంది కాబట్టి అదే తల అని రాసుకున్నాను. తీరా చూస్తే వెనకాల ఈడ్చుకొస్తున్న చివర ఈకల కుచ్చు ఉంది, దాని కింద ఇంకో రెండు కళ్లు! రెండు చివర్లా కళ్లున్న పురుగును నేను ఇప్పటిదాకా చూడలేదు. ఇదేమిటో, దీని తల ఏ వైపో ఎవరైనా చెప్పగలరా?

ఉప్పునీటి
ఈకల కుచ్చు ఉందంటే విసనకర్ర పురుగే, అందులో డౌట్ లేదు. ఉప్పునీటి అక్వేరియంలో ఇలాంటి చిన్నవి గాజుకు అంటుకుని బోలెడు వస్తాయి. తెల్లటి సున్నపు చుట్టలో ఉంటే అది స్పైరార్బిస్ రకం, నత్త గుల్లలాగా మెలి తిరిగి ఉంటుంది. మీరు చూసింది సాబెల్లా అనే పెద్ద విసనకర్ర పురుగు పిల్ల కూడా కావచ్చు కదా, ఇంకా ఎదగలేదేమో.

సూదిమొన
పిల్ల అనుకోవడానికి ముందు ఒక్క పని చేయండి, ఖండితాలు, అంటే ఒంటి తునకలు, లెక్కపెట్టండి. శూకాలు (ఒంటి పక్కన పొడుచుకొచ్చే సన్నని ముళ్లు) ఉన్న ఖండితాలు ఛాతీ భాగంలో ఎన్ని, ఉదరంలో ఎన్ని, విడివిడిగా. సాబెల్లా లాంటి పెద్దవాటికి ఉదరంలో పదుల కొద్దీ ఖండితాలుంటాయి, ఎదిగే కొద్దీ వెనక వైపు కొత్తవి చేరుతూ పోతాయి. మీ పురుగుకు ఛాతీలో ఎనిమిది, ఉదరంలో మూడే ఉండి, లోపల గుడ్లో వీర్యమో కనిపిస్తే అది పిల్ల కాదు, దాని పూర్తి సైజే అంత.

తల సంగతి చెబుతాను. ఈకల కుచ్చు ఉన్న వైపే తల. గొట్టంలోంచి బయటికి వచ్చినప్పుడు ఇది తోకను ముందు పెట్టి వెనక్కి పాకుతుంది. ఈకలు ముందుండి పాకితే అడుగున ఉన్న మట్టికి, ఇసుక రేణువులకు రాసుకుని చిక్కుకుంటాయి, నోరు కూడా ఆ ఈకల మధ్యనే ఉంది. తోక చివరి తునకను పైజీడియం అంటారు, అక్కడున్న కళ్ల జత దారి చూసే వైపు ఉన్నట్టు లెక్క. మొదటిసారి చూసినవాళ్లు మీలాగే దాన్ని తల అనుకుంటారు, అందులో తప్పేమీ లేదు. గొట్టం ఎలా ఉంది? సున్నమా, తోలులాగా ఉందా, బురద అంటిన జిగురా?

నాచుపోగు
గొట్టం సున్నం కాదు మేడమ్. నాచు మొదళ్ల దగ్గర బురద పేరుకున్న చోట సన్నని జిగురు గొట్టాలు ఉన్నాయి, ముట్టుకుంటే విరిగిపోవు, సాగుతాయి, పైన మట్టి రేణువులు అంటుకుని ఉన్నాయి.

లెక్కపెట్టడానికి నాలుగింటిని నేరుగా ఆల్కహాల్‌లో వేశాను, అక్కడే దెబ్బతిన్నాను. మూడింటికి ఈకల కిరీటం ఊడి పక్కన పడింది, నాలుగోది ముడుచుకుని కామాలాగా వంకర తిరిగిపోయింది. ఒకదాంట్లో ఛాతీ ఎనిమిది వచ్చింది, ఉదరం రెండో మూడో తేలలేదు. ఊడిన కిరీటాలు ఏ పురుగువో కూడా ఇప్పుడు చెప్పలేను. చాలా బాధేసింది, ఎందుకంటే ఆ నాలుగే పెద్దవి.

సూదిమొన
బాధపడకండి, పళ్లెంలో ఇంకా ఉంటాయి. ఆ నాచును ఇంకొంచెం సేపు అలాగే వదిలేస్తే నీళ్లలో ఆక్సిజన్ తగ్గి మిగిలినవి కూడా గొట్టాలు వదిలి బయటికి వస్తాయి, మీకు మొదట కనిపించినవి అలా వచ్చినవే.

ఈ రకం పురుగులకు కిరీటం మీద మమకారం లేదు. షాక్ తగిలితే చాలా రకాలు దాన్ని మొదలు దగ్గరే తెంపేసుకుంటాయి, పెద్ద సాబెల్లిడ్లలో (సాబెల్లా కుటుంబంవాటిలో) అయితే అది మళ్లీ పెరుగుతుంది కూడా. అందుకని ముందు మత్తు ఇవ్వాలి. మంచినీళ్లు లీటరుకు సుమారు 73 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ కలిపి, ఆ ద్రావణాన్ని సముద్రపు నీళ్లలో కొద్దికొద్దిగా పోస్తూ ఒక పావుగంట ఆగండి. సూదితో తాకినా కదలకుండా చాచుకుని పడుకున్నాక అప్పుడు ఫార్మాలిన్. డీఎన్‌ఏ కావాలంటే కొన్నింటిని విడిగా 95 శాతం ఇథనాల్‌లో వేయండి, ఫార్మాలిన్‌లో పెట్టినదాని నుంచి డీఎన్‌ఏ తీయడం నరకం. తొందరపడి ఒకేదాన్ని రెంటికీ వాడాలని చూడకండి.

మీరు చెప్పిన జిగురు గొట్టం, రెండు చివర్లా కళ్లు, వెనక్కి పాకడం, నార్త్ సీ ఒడ్డు నాచు ఇవన్నీ కలిపి చూస్తే నాకు ఫాబ్రిసియా స్టెల్లారిస్ అనిపిస్తోంది. అనిపించడం వేరు, తేల్చడం వేరు. లెక్క వచ్చాక మాట్లాడదాం.

పాతలెన్సు
ఫాబ్రిసియా సబెల్లా అని మా రోజుల్లో చదివింది ఇదేనా అమ్మా? పిల్లలకు చాలా ఏళ్లు ఆ పేరుతోనే స్లైడ్లు చూపించాను.

సూదిమొన
అదే మాస్టారూ. అందులోని సబెల్లా అనేది ఎరెన్‌బర్గ్ 1836లో పెట్టిన పేరు, ఆయన దాన్ని ఆంఫికోరా సబెల్లా అని రాశాడు. కానీ అంతకు చాలా ముందు, 1774లోనే, ఓ.ఎఫ్. ముల్లర్ ఇదే పురుగుకు ట్యూబులారియా స్టెల్లారిస్ అని పేరు పెట్టేశాడు. ట్యూబులారియా అంటే మనకు తెలిసిన హైడ్రాయిడ్, హైడ్రా చుట్టం. గొట్టంలోంచి నక్షత్రంలా విచ్చుకున్న తల మాత్రమే కనిపిస్తే ఆ రోజుల్లో హైడ్రాయిడ్ అనుకోవడం సహజమే, స్టెల్లారిస్ అంటేనే నక్షత్రానికి సంబంధించినది అని. ఫాబ్రిసియా అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) 1828లో బ్లాన్‌విల్ చేతుల మీదుగా వచ్చింది.

ముందు పెట్టిన పేరుదే హక్కు కాబట్టి, ఫిట్జ్‌హ్యూ 1990లో ఫాబ్రిసియా ప్రజాతిని మొత్తం తిరగరాసినప్పుడు స్టెల్లారిస్ నిలబడింది, సబెల్లా పర్యాయనామంగా మిగిలింది. అందుకే సరైన పేరు రాసేటప్పుడు ముల్లర్, 1774 అనేది కుండలీకరణాల్లో ఉంటుంది. ఆ కుండలీకరణాలు అలంకారం కాదు, ముల్లర్ ఈ జాతిని వేరే ప్రజాతిలో పెట్టాడు, తర్వాత ఇక్కడికి మార్చారు అని అర్థం. తీసేస్తే ముల్లరే ఫాబ్రిసియా అన్నాడని అబద్ధం చెప్పినట్టు. విద్యార్థుల లేబుళ్లలో నాకు ఎక్కువగా కనిపించే తప్పు ఇదే, చిన్నదని వదిలేయలేను.

పాత వ్యాసాలు వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి. సబెల్లా పేరుతో ఎక్కడెక్కడి సముద్రాల నుంచో వచ్చిన రికార్డులను మాత్రం నమూనా మళ్లీ చూడకుండా నమ్మొద్దు.

జన్యుపటం
పేరు ఒక కథ అయితే కుటుంబం ఇంకో కథ. మాస్టారు చదివినప్పుడు ఇది సాబెల్లిడే కుటుంబంలో ఫాబ్రిసినే అనే ఉపకుటుంబం. ఫిట్జ్‌హ్యూ 1989లో సాబెల్లిడేని పెద్దగా సమీక్షించినప్పుడు కూడా రెండు ఉపకుటుంబాలే ఉంచాడు, సాబెల్లినే ఒకటి, ఫాబ్రిసినే ఒకటి. 2008లో కుప్రియనోవా, రౌస్ కలిసి జన్యు క్రమాలు పోల్చి చూస్తే ఫాబ్రిసినే వాళ్లు సాబెల్లినే వైపు కాకుండా సెర్పులిడే వైపు, అంటే సున్నపు గొట్టాల పురుగుల వైపు దగ్గరగా వచ్చారు. క్రిస్మస్ ట్రీ వార్మ్ అని ఫొటోల్లో చూస్తుంటాం కదా, అది సెర్పులిడే.

దాంతో చిక్కు వచ్చింది. ఒక కుటుంబం అంటే ఒకే పూర్వీకుడి సంతానం అంతా అందులో ఉండాలి. సాబెల్లిడే కడుపులోంచే సెర్పులిడే పుట్టుకొచ్చినట్టయితే ఆ కుటుంబం అసంపూర్తి. రెండు దారులున్నాయి, సెర్పులిడే మొత్తాన్ని సాబెల్లిడేలో కలిపేయడం, లేదా ఫాబ్రిసినేని బయటికి తీసి సొంత కుటుంబం ఇవ్వడం. వాళ్లు రెండోది ఎంచుకున్నారు, అలా ఫాబ్రిసిడే వచ్చింది.

ఉప్పునీటి
నాకు ఇక్కడ ఒకటి అర్థం కావట్లేదు. పురుగు మారలేదు, ఈకలు మారలేదు, గొట్టం అదే. సున్నపు గొట్టం, మూత, ఇవన్నీ ఉన్న సెర్పులిడ్ పక్కన, మట్టి గొట్టంలో ఉండే దీన్ని కూర్చోబెడితే కళ్లతో చూసేవాడికి ఏం ఒరిగింది? చూసి గుర్తుపట్టలేని చుట్టరికం ఎవరికి పనికొస్తుంది?

పాతలెన్సు
నాకూ మొదట్లో అలాగే అనిపించింది బాబూ. కానీ సాబెల్లినే, ఫాబ్రిసినే రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు కూడా పోలిక అంత సుఖంగా ఉండేది కాదు, పాత పుస్తకంలో ఉందని ఒప్పుకున్నాం అంతే. ఒక పక్క పదుల కొద్దీ ఖండితాలు, ఇంకో పక్క లెక్కపెట్టినట్టు మూడు. సైజు చిన్నదై కొన్ని అవయవాలు తగ్గిపోయాయేమో అని సర్దిచెప్పుకునేవాళ్లం. నా దగ్గరున్న సీసాల్లో పాత లేబుల్ తీసేయలేదు, కొత్త కుటుంబం పేరుతో ఇంకో చీటీ రాసి పక్కన వేశాను. పాత లేబుల్ చింపకూడదు, దాని మీద ఎవరు ఎప్పుడు ఏమని గుర్తించారో ఉంటుంది, అది కూడా నమూనాలో భాగమే.

సూదిమొన
ఉప్పునీటి గారూ, చూసి గుర్తుపట్టలేని చుట్టరికం అన్నారు, ఆ మాట పూర్తిగా ఒప్పుకోను. గొట్టం చూసి కుటుంబం చెప్పే అలవాటు మనది, పురుగు ఒళ్లు చూస్తే వేరే సంగతులున్నాయి.

ముందు ఈ మూడు కుటుంబాలకూ ఉమ్మడిగా ఉన్నది చూడండి. ప్రతి ఖండితానికీ పక్కన కాలులాంటి పార్శ్వపాదం ఉంటుంది, దాని పై తమ్మెలో, కింది తమ్మెలో వేరువేరు శూకాలుంటాయి. ఛాతీలో పై తమ్మెకు వెంట్రుకల్లాంటి శూకాలు, కింది తమ్మెకు కొక్కేలు. ఉదరంలోకి రాగానే అది తలకిందులై, పైన కొక్కేలు, కింద వెంట్రుకలు వస్తాయి. ఈ తిరగబడటం సాబెల్లిడే, సెర్పులిడే, ఫాబ్రిసిడే మూడింటిలోనూ ఉంది. మీకు ఛాతీ ఎక్కడ అయిపోయి ఉదరం ఎక్కడ మొదలైందో తెలిసేది కూడా దీనివల్లే, బయట గీత గీసి ఉండదు. నాచుపోగుకు రెండో మూడో తేలకపోవడానికి కారణం కూడా బహుశా శూకాలు కాకుండా ముడతలు లెక్కపెట్టడం. స్లైడు మీద కవర్‌స్లిప్ కింద కొంచెం నొక్కి, పెద్ద లెన్సులో కొక్కేలు ఏ వైపున్నాయో చూసుకుంటూ వెళ్లాలి.

విసర్జక వృక్కాలు కూడా చూడండి. వానపాముకు ఖండితానికో జత ఉంటుంది. వీటికి ముందు భాగంలో ఒకే జత, దాని నాళాలు కలిసి కిరీటం వెనకాల పై వైపు ఒకే రంధ్రంగా తెరుచుకుంటాయి. గొట్టంలో కూర్చుని బతికేవాడు మురికి నీళ్లు గొట్టం లోపల వదలకుండా మూతి దగ్గరే బయటికి పంపేయాలి కదా.

ఇక కిరీటం. ఇది మొప్పలు అని చాలామంది అంటారు, ఆ పని చేస్తుంది కూడా, కానీ పుట్టుక వేరు. ఓరేజ్ 1980లో నరాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతుక్కుంటూ వెళ్లి ఇది వేరే పాలికీట్ల (శూకాలున్న సముద్రపు పురుగుల) పాల్ప్‌లకు సరిసాటి అవయవం అని చూపించాడు. అంటే తల మీది తాకే తీగలే చీలి చీలి విసనకర్ర అయ్యాయి. ఫాబ్రిసియాకు ఒక్కో వైపు మూడేసి ఈకలు, మొత్తం మూడు జతలు. ప్రతి ఈకకూ పిల్ల ఈకలుంటాయి, అడుగు నుంచి మొదలైనవి పొడుగ్గా, పైకి పోయేవి పొట్టిగా ఉండి అన్నీ ఒకే ఎత్తులో ఆగుతాయి, చీపురు పుల్లల చివరలు నేలకు తట్టి సమం చేసినట్టు. సాబెల్లా ఈక ఇలా ఉండదు, పక్షి ఈకలా ఉంటుంది. ఈ ఒక్క లక్షణం చూసినా సాబెల్లా పిల్లకూ దీనికీ తేడా తెలిసిపోతుంది.

నాచుపోగు
మేడమ్, ఆ సమానమైన చివరలు ఇప్పుడే చూశాను! బతికున్నదాన్ని స్లైడు మీద చిన్న నీటి చుక్కలో పెట్టి, కవర్‌స్లిప్ నాలుగు మూలలా కొంచెం మైనం పెట్టి ఆనించాను, నలగకుండా. పిల్ల ఈకల అంచుల వెంట శైలికలు (కదిలే సూక్ష్మ వెంట్రుకలు) కొట్టుకుంటూ ఉంటే ఒక దుమ్ము రేణువు ఈక మధ్య గాడిలో పడి నోటి వైపు జారిపోయింది, కన్వేయర్ మీద పెట్టెలా. ఇంకోటి కొంచెం పెద్దది, సగం దూరం వెళ్లి పక్కకు తోసేసింది.

దాని కంటే ఆశ్చర్యం, కిరీటం మొదట్లో లోపల రెండు చిన్న సంచుల్లాంటివి ఒకదాని తర్వాత ఒకటి ముడుచుకుని విచ్చుకుంటున్నాయి. ఆకుపచ్చ ఛాయ. అవి ముడుచుకున్నప్పుడల్లా ఈకలోపల సన్నని గీత నిండినట్టు అవుతోంది. గుండెనా? తలలో గుండె ఏమిటి?

సూదిమొన
గుండెలే, కిరీటపు గుండెలు, రెండు. మీరు చూసింది చాలామంది పుస్తకంలో గీతగా మాత్రమే చూస్తారు, కదులుతుండగా మీ కళ్లతో చూశారు, సంతోషం. ఈకలోకి వెళ్లే రక్తనాళం చివర మూసుకుని ఉంటుంది, గుండ్రంగా తిరిగి వచ్చే దారి లేదు. రక్తం లోపలికి వెళ్లి అదే దారిన వెనక్కి వస్తుంది, ఆటుపోట్లలాగా. పెద్ద సాబెల్లిడ్లలో నాళాలు వాటంతట అవే ముడుచుకుని ఆ పని చేస్తాయి. ఒంటి లోపల జీర్ణనాళం చుట్టూ రక్తం తొడుగులాగా ఉంటుంది, పేగును కదిపితే రక్తం కూడా కదులుతుంది.

రేణువు పక్కకు తోసేసిందన్నారు, దానికి సంబంధించి పాత పని ఒకటుంది. నికోల్ 1930లో సాబెల్లా పావోనినా మీద చూసింది, ఈక గాడి లోపల సైజును బట్టి మూడుగా విడిపోతాయి, సన్నవి నోట్లోకి, మధ్యస్థమైనవి గొట్టం కట్టడానికి, పెద్దవి బయటికి. ఆ పురుగు ఒక అడుగు దాకా పెరుగుతుంది, ఇది మూడు మిల్లీమీటర్లు, కాబట్టి అక్కడి వివరాలన్నీ ఇక్కడ యథాతథంగా దించకండి. మీరు చూసిన రెండు రేణువులను చూసినట్టుగానే నోట్స్‌లో రాయండి.

ఉప్పునీటి
ఆకుపచ్చ రక్తం అంటే నాచు తిని వచ్చిన రంగా?

జన్యుపటం
కాదు, దాని సొంత రంగే. క్లోరోక్రూరిన్ అంటారు. మన హిమోగ్లోబిన్‌లాగే ఇనుము ఉన్న హీమ్ అనే ఉంగరం లాంటి అణువే, కాకపోతే ఆ ఉంగరం పక్కన ఒక వినైల్ గుంపు బదులు ఫార్మిల్ గుంపు ఉంటుంది, అంతే తేడా. పలచగా ఉంటే ఆకుపచ్చ, చిక్కగా ఉంటే ఎరుపు. అందుకే సన్నని నాళంలో పచ్చగా, లావు నాళంలో ఎర్రగా ఒకే జంతువులో రెండు రంగులు కనిపిస్తాయి. సెర్పులా వెర్మిక్యులారిస్‌లో హిమోగ్లోబిన్, క్లోరోక్రూరిన్ రెండూ కలిసి ఉన్నాయని ఫాక్స్ 1949లో తేల్చాడు.

పాతలెన్సు
పోలిన పురుగుల సంగతి కూడా చెప్పమ్మా, లేకపోతే పిల్లాడు కళ్లు చూసి తేల్చేస్తాడు. రెండు చివర్లా కళ్లు అనేది ఒక్క ఫాబ్రిసియాకే కాదు కదా.

సూదిమొన
అవును మాస్టారూ, అదే రాయబోతున్నాను.

మొదటిది మనయుంకియా ఎస్టువారినా, ఏటి మొగల బురదలో ఉంటుంది, 1883లో బౌర్న్ వర్ణించాడు. సైజు ఇదే, కుటుంబం ఇదే, ఎనిమిది ప్లస్ మూడు కూడా ఇదే. కానీ తోకకు కళ్లుండవు. పైగా కిరీటం అడుగు వైపు నుంచి ఈకలు కాని రెండు తీగలు బయటికి వస్తాయి, లోపల రక్తనాళం ఉంటుంది కాబట్టి పచ్చగా కనిపిస్తాయి. ఫాబ్రిసియాకు ఆ తీగలు ఉండవు. కిరీటం ఊడిపోయిన నమూనాలో ఇది చూడలేరు, అందుకే మత్తు మందు గురించి అంతగా చెప్పాను.

రెండోది ఆంఫికోరా. ఇది అసలు మోసగాడు. కొద్ది మిల్లీమీటర్లే ఉంటుంది, తోకకు కళ్లుంటాయి, వెనక్కి పాకుతుంది, పేరు చూస్తే ఎరెన్‌బర్గ్ ఫాబ్రిసియాకు వాడిన పేరే. ఒకప్పుడు ఫాబ్రిసినేలోనే ఉండేది, ఇప్పుడు సాబెల్లిడేలో ఉంది. దీని ఉదరంలో ఖండితాల సంఖ్య జాతిని బట్టి మారుతుంది, మూడు దగ్గరే ఆగాలని లేదు, కిరీటం కింద కాలర్ కూడా బాగా లేచి ఉంటుంది. ఉప్పునీటి గారు అడిగినదానికి జవాబు ఇక్కడే ఉందనుకుంటాను. చిన్నగా ఉన్నాయని ఈ రెంటినీ ఒకే గుంపులో వేశాం, కానీ చిన్నతనం రెండు వైపుల నుంచీ విడివిడిగా రావచ్చు. వెనక్కి పాకడం, తోక కళ్లు కూడా అంతే, గొట్టం వదిలి తిరిగే చిన్న పురుగుకు పనికొచ్చేవి. చుట్టరికం చెప్పాలంటే అలాంటివి చాలవు.

ఉప్పునీటి
ఇప్పుడు అర్థమైంది. నేను గొట్టాన్ని చూసి చుట్టాలు కలుపుతున్నాను, సైజు చూసి పిల్ల అన్నాను. రెండూ ఒకే తప్పు. ఒక్క ప్రశ్న, ఇంత చిన్నది సముద్రంలో లార్వాలు వదిలితే ఎన్ని బతుకుతాయి?

జన్యుపటం
వదలదు. ఫాబ్రిసిడే పురుగులు గుడ్లను తల్లి గొట్టం లోపలే పొదుగుతాయి, లార్వా నీళ్లలో ఈదే దశ ఉండదు, పిల్ల నేరుగా బయటికి పాకి పక్కనే సొంత గొట్టం కట్టుకుంటుంది. అందుకే ఒకే నాచు పోగులో గుంపులు గుంపులుగా ఉంటాయి. తక్కువ గుడ్లు, ఎక్కువ కాపలా. ఆడవాటి కిరీటం మొదట్లో వీర్యం దాచుకునే సంచులు కూడా ఉంటాయి, రౌస్ ఈ గుంపులో వీర్యకణాల సూక్ష్మ నిర్మాణం మీద చాలా పని చేశాడు.

నాచుపోగు
మత్తు ఇచ్చి మళ్లీ చేశాను. పన్నెండు పురుగులు, ఒక్క కిరీటం కూడా ఊడలేదు. మీరు చెప్పినట్టు ముడతలు వదిలేసి కొక్కేలు ఏ వైపు ఉన్నాయో చూసుకుంటూ వెళ్లాను. తొమ్మిదో ఖండితంలో కొక్కేలు పైకి మారాయి. పన్నెండింటిలోనూ ఎనిమిది, మూడు. పొడుగు పిడి ఉండి, పైన సన్నని పళ్లు వరసలుగా ఆకురాయిలా ఉన్నవి ఉదరంలోవి, ఛాతీలోవి ఒంటి కొక్కెంలా వంగి ఉన్నాయి. కిరీటం అడుగున తీగలు లేవు, తోక కళ్లు పన్నెండింటికీ ఉన్నాయి.

ఇంకొకటి. నాచు మొదట్లో ఒక గొట్టాన్ని సూదులతో చీల్చితే లోపల తల్లి పక్కన వరసగా గుడ్లు ఉన్నాయి, కొన్నింట్లో అప్పటికే కళ్ల చుక్కలు కనిపిస్తున్నాయి. ఆ గొట్టాన్ని మిగతావాటితో కలపకుండా చిన్న సీసాలో విడిగా పెట్టాను. నాలుగింటిని ఇథనాల్‌లో వేశాను.

లేబుల్ ఇలా రాశాను, తప్పుంటే చెప్పండి: ఫాబ్రిసియా స్టెల్లారిస్ (ముల్లర్, 1774), ఫాబ్రిసిడే, రాళ్ల మీది నాచు మొదళ్లలో, జిగురు గొట్టాలు, బతికుండగా చూసినది.

సూదిమొన
కుండలీకరణాలు ఉన్నాయి, బాగుంది. సేకరించిన తేదీ, అక్షాంశ రేఖాంశాలు, పోటు అంచు నుంచి ఎంత కింద అనేది చేర్చండి, మీ పేరు కూడా. మెత్తని పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.

పాతలెన్సు
మొదట తలా తోకా తారుమారుగా రాసుకున్న నోట్స్ పేజీ ఉంది కదా, అది కొట్టేయకుండా ఈ సీసా నంబరు దాని మీద వేసి ఉంచు నాయనా.